సి.ఇ.ఓ. గారికి లక్షా యాభై వేల గుప్పెళ్ళు

మా గుప్పెడు బియ్యం సంఘానికి ఈ గతి ఎందుకు పట్టిందో ఊళ్ళో తలకో మాట చెబుతున్నారు. జీతాలు తినేశాయని కొందరు. జనంలో దయ పోయిందని మా అధ్యక్షులు. వీళ్ళెవరికీ ఏమీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ సంఘంలో గుమాస్తాని నేను. ప్రతి తీర్మానమూ నేనే రాశాను, ప్రతి నోటీసూ నేనే టైపు చేశాను. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పవలసినవాణ్ణి కూడా నేనే. నా పేరు సూర్యప్రకాశం. మధ్యలో అడ్డు రాకుండా వినండి.

మా ఊళ్ళో ఓ వెయ్యి ఇళ్ళలో వంటింటి గట్టు మీద మా సంఘం రేకు డబ్బా ఉండేది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసేది. శనివారం మా రిక్షా వీధి వీధీ తిరిగి డబ్బాలు గుమ్మరించుకుని వచ్చేది. ఆ బియ్యంతో పెద్దాసుపత్రి గేటు పక్కన, మా రేకుల షెడ్డులో, రోజూ మధ్యాహ్నం రెండొందల యాభై మందికి భోజనం. రోగులకి కాదు. రోగులకి ఆసుపత్రివాళ్ళే ఏదో పెడతారు. వాళ్ళని కనిపెట్టుకుని వరండాల్లో పడి ఉండే తల్లులూ పెళ్ళాలూ అన్నదమ్ములూ ఉంటారు చూశారూ, తిన్నావా అని అడిగే దిక్కు లేనివాళ్ళు, వాళ్ళకి. అన్నం, పప్పు, మజ్జిగ. పప్పు బజారు కొట్లవాళ్ళు ఇచ్చేవారు. నూనెకీ గ్యాసుకీ శాశ్వత నిధి మీద వడ్డీ వచ్చేది. ఆ నిధి పదహారు లక్షలు, ఎవరెవరో పెద్దలు పోతూ పోతూ రాసిచ్చినది.

ఇదంతా నడిపించింది కార్యదర్శి శేషావతారం మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పొద్దున్నే సైకిలు మీద వచ్చి, బియ్యంలో రాళ్ళున్నాయేమో చూసి, అందరూ తిన్నాక ఇంటికెళ్ళి తినేవారు. జీతం లేదు. కాఫీ కూడా ఇంటి దగ్గరే తాగి వచ్చేవారు. వంట పేరంటాలు అనే ఆవిడది. పాతిక కిలోల గుండిగ ఒంటి చేత్తో దింపే మనిషి, నోరు కూడా అంతే బలం.

పోయిన ఏడాది శ్రావణంలో మా అధ్యక్షులు నాగభూషణం గారు హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్ళారు. ఆయనకి బట్టల కొట్టు. మంచివారే, సందేహం లేదు. సదస్సుకి వెళ్ళినప్పుడు కూడా మంచివారే. మూడు రోజుల తర్వాత మెడలో తాడుకి కట్టిన అట్టముక్కతో తిరిగి వచ్చారు, దాన్ని వారం దాకా తియ్యలేదు. వచ్చీ రాగానే కమిటీని పిలిచారు.

"మాస్టారూ, మీరు జీతం తీసుకోవడం లేదు" అన్నారు, దొంగతనం పట్టుకున్నట్టు.

"లేదండి" అన్నారు మాస్టారు.

"అక్కడే వచ్చింది చిక్కు. జీతం లేనివాడికి జవాబుదారీతనం ఉండదు. జవాబుదారీతనం లేనిచోట ప్రజల నమ్మకం ఉండదు. ఇన్నాళ్ళూ జనం మనని నమ్మేరంటే అది కేవలం పొరపాటు. ఆ పొరపాటు మీద సంస్థని ఎంతకాలం నడుపుతామండీ?"

ఇరవై రెండేళ్ళుగా ఇంత ప్రమాదంలో ఉన్నామని మాకెవరికీ తెలియదు.

సదస్సులో నేర్పిన పద్ధతి ఏమిటంటే, ముందు జీతం నిర్ణయించాలి. తర్వాత ఆ జీతానికి తగ్గ మనిషిని వెతకాలి. ముందు మనిషిని చూసుకుంటే తక్కువ జీతానికి మంచివాడు దొరికే ముప్పు ఉందట. దేశంలో అయిదు మహానగరాల్లో సేవాసంస్థల అధిపతుల జీతాల సగటు తీశారు. రెండు లక్షల ముప్ఫై వేలు తేలింది. "మన ఊరు చిన్నది కదండీ" అన్నారు మాస్టారు. చిన్న ఊళ్ళో ఉండటం నాయకులకి కష్టం కాబట్టి ఇంకో ఇరవై వేలు కలిపారు. తీర్మానం నేనే రాశాను. "సేవారంగమున అత్యుత్తమ నాయకత్వ ప్రతిభను ఆకర్షించి నిలుపుకొనుటకై మార్కెట్టుకు దీటైన పారితోషికమును" అని మొదలవుతుంది. చదువుతుంటే నాకే గర్వంగా అనిపించింది. మాస్టారు తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ సీతారత్నానికి చెప్పాను. అదే నేను చేసిన తప్పని మా అధ్యక్షులు ఇప్పటికీ అంటారు.

"రెండున్నర లక్షలా? ఏడాదికా?" అంది.

"నెలకి."

"ఏం చేస్తాడట?"

"నాయకత్వం."

"అది అన్నంలో కలిపి వడ్డిస్తారా, విడిగా వేస్తారా?"

ఇలాంటి మనిషితో పెద్ద విషయాలు మాట్లాడటం నాదే బుద్ధితక్కువ. తెల్లారేసరికి మా వీధి మొత్తానికి తెలిసిపోయింది.

వచ్చినాయన పేరు శ్రీకర్ గారు. నలభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగదు. ఇంతకుముందు షాంపూ పొట్లాలు అమ్మే కంపెనీలో అయిదు రాష్ట్రాలకి అధిపతి. మొదటి రోజే వంటశాలకి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోకుండా నిలబడ్డారు. ఆ సంగతి నేను మెచ్చుకోవాలి.

"ఇక్కడ మన ఉత్పత్తి ఏమిటి?" అని అడిగారు.

"పప్పూ అన్నవండి" అంది పేరంటాలు.

"కాదు. మన ఉత్పత్తి ఆశ. అన్నం దానికి ప్యాకింగు మాత్రమే."

పేరంటాలు గరిటె పట్టుకుని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఆశ ఎంతమందికి సరిపోద్దండీ? మజ్జిగైతే ఇన్ని నీళ్ళు పోసి సర్దుతాను."

ఆయన నవ్వి, "ఈవిడకి శిక్షణ అవసరం" అని నాతో రాయించారు.

నాయకుడికి కూర్చునే చోటు ఉండాలి కదా. సంఘానికి ఉన్నది ఆ ఒక్క షెడ్డే. సగం అడ్డగోడ కట్టి, కింద చలవరాళ్ళు పరిచి, ఏసీ పెట్టి క్యాబిను చేశారు. గోడ మధ్యలో పెద్ద అద్దం, లబ్ధిదారులతో నిత్యం సంబంధం ఉండటానికని. అటు ఏసీలో ఆయన, ఇటు మిగిలిన సగంలో నాలుగు పంక్తులు వేసి తినవలసినవాళ్ళు. మూడో పంక్తి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది.

లోవమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ వారమే. తుని అవతల ఏదో పల్లె. మొగుడు కల్లు గీస్తూ తాడిచెట్టు మీంచి పడి, నడుం విరిగి ఆరో నంబరు వార్డులో ఉన్నాడు. ఆపరేషనుకి వాయిదాల మీద వాయిదాలు. నాలుగైదు నెలలైనా పడుతుందన్నారు. తెచ్చుకున్న డబ్బు మందులకే సరిపోలేదు. ఆవిడకి రోజు మొత్తానికి మా అన్నమే అన్నం. పొద్దున ఒక టీ, మధ్యాహ్నం మా పంక్తి, అంతే. తిన్నాక పోకుండా కుళాయి దగ్గర కూర్చుని కంచాలన్నీ తోమేది. "ఎవరు చెయ్యమన్నారమ్మా నిన్ను?" అంటే, "ఊరికే తింటే నోటికెలా పోద్దండి బాబుగారూ" అనేది.

మొదటి నెల తిరిగేసరికి శనివారం రిక్షాలో బస్తాలు తగ్గాయి. ఇల్లాళ్ళు డబ్బా అందిస్తూ, "రెండున్నర లక్షలంట కదా, నిజవేనాండీ" అని అడుగుతున్నారని రిక్షావాడు చెప్పాడు. శ్రీకర్ గారు ఏమాత్రం కంగారు పడలేదు. అసలు ఆయన ముఖం వెలిగిపోయింది. నమ్మకాన్ని కొలిపించాలన్నారు. బెంగుళూరు నుంచి ఒక మేడమ్ గారిని నెలకి లక్షా యాభై వేల మీద నమ్మకాధికారిగా నియమించారు. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి, "మా సంఘం మీద మీకు నమ్మకం ఎంత? ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి" అని అడిగింది. మా ఊళ్ళో ఎవరినీ ఎవరూ ఇలా అడగలేదు. భర్తల మీద నమ్మకం కూడా అంకెల్లో చెప్పుకునే అలవాటు లేదు. మొత్తానికి వందకి యాభై అయిదు తేలింది.

కమిటీ ముందు శ్రీకర్ గారు తెర మీద బొమ్మ వేసి వివరించారు.

"నమ్మకం వంద ఉన్నప్పుడు సంస్థని ఎవరైనా నడపగలరు. సైకిలు మీద వచ్చి కూడా నడపగలరు. డెబ్బై ఉన్నప్పుడు అనుభవం కావాలి. యాభై అయిదు ఉన్నప్పుడు అసాధారణ ప్రతిభ కావాలి. అంటే ఈ పదవిలో ఇప్పుడు బాధ్యత దాదాపు రెట్టింపు అయింది. బాధ్యత పెరిగినప్పుడు పారితోషికం పెరగకపోతే అది అన్యాయం. నా గురించి కాదు నేను అంటున్నది, పదవి గురించి."

"మీరు వచ్చినప్పుడు ఎంత ఉందండీ నమ్మకం?" అని అడిగాను. గుమాస్తాని, తీర్మానంలో రాయాలి కదా.

"మేడమ్ అంచనా ప్రకారం తొంభై రెండు."

నాగభూషణం గారు తల పంకించి, "చూశారా ఎంత కష్టమైన పనో" అన్నారు. పైగా నమ్మకాధికారి జీతానికి అధిపతి జీతం రెట్టింపు ఉండాలని నియమం ఉందట. మూడు లక్షలు చేశారు. నేను రాశాను.

అయినా ఇల్లాళ్ళు ఊరుకోరు కదా. గుసగుసలు ఎక్కువయ్యాయి. దానికి మేడమ్ గారు మందు కనిపెట్టింది. జనం గుసగుసలాడేది దాచిపెట్టినదాని గురించే. దాచకుండా జీతాన్ని డబ్బా మీదే అచ్చువేసేస్తే ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అయితే రూపాయల్లో వేస్తే పరాయిగా ఉంటుంది. దాత ఇచ్చేది గుప్పెళ్ళలో కాబట్టి గుప్పెళ్ళలో వెయ్యాలి. అప్పుడు ఆ తల్లికి తను వేసే గుప్పెడు ఎంత గొప్పదానికి తోడ్పడుతోందో తెలిసి ఒళ్ళు పులకరిస్తుందట.

ఇక్కడ ఒక సాంకేతిక సమస్య వచ్చింది. ఎవరి గుప్పెడు? పేరంటాలు గుప్పెడు తూస్తే అరవై గ్రాములు. మా సీతారత్నం గుప్పెడు ముప్ఫై అయిదు. నాగభూషణం గారిది ఉంగరాల మూలంగా సరిగ్గా మూసుకోదు. మూడు వారాలు ఉపసంఘం కూర్చుంది. చివరికి సంస్థకి నాయకుడు ఎవరో ఆయన గుప్పెడే ప్రమాణం అన్నారు. శ్రీకర్ గారు అద్దం వెనకనుంచి వచ్చి, బస్తాలో చెయ్యి పెట్టి పట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. నలభై గ్రాములు. కిలోకి ఇరవై అయిదు. కిలో యాభై రూపాయల లెక్కన గుప్పెడు రెండు రూపాయలు.

వెయ్యి డబ్బాల మీద రంగు కాగితం అంటించాం. "పారదర్శకతే మా ప్రాణం. తల్లీ, నీ ప్రతి గుప్పెడూ అమూల్యం. మా ముఖ్య కార్యనిర్వహణాధికారి గారి నెల జీతం లక్షా యాభై వేల గుప్పెళ్ళు." కింద శ్రీకర్ గారు గరిటె పట్టుకుని నవ్వుతున్న ఫోటో. ఆ గరిటె పేరంటాలుది. ఫోటో అవగానే లాక్కుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఏవండీ, మన ఇంటి నుంచి నెలకి ముప్ఫై గుప్పెళ్ళు పోతాయా?"

"పోతాయి."

"అయితే ఈయనకి ఒక్క నెల జీతం మనం ఇవ్వాలంటే ఎన్నాళ్ళు వెయ్యాలి?"

కాగితం మీద భాగించి చూశాను. ఇంకోసారి చూశాను. "నాలుగొందల పదహారేళ్ళ ఎనిమిది నెలలు."

"ఒక్క పూట కూడా మానకుండా?"

"మానకుండా."

ఆవిడ డబ్బాలో ఉన్న బియ్యం మా బియ్యంలో పోసేసి, డబ్బా కడిగి తుడిచి అందులో మినప్పప్పు పోసుకుంది. ఆ కాగితం మాత్రం చింపలేదు, వచ్చినవాళ్ళకి చూపించడానికి. ఆ శనివారం ఊరంతా తిరిగిన రిక్షాలో పదకొండు కిలోలు వచ్చాయి.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయం వేసింది. రోజుకి ముప్ఫై ఎనిమిది కిలోలు కావాలి పంక్తులకి. రెండు వారాలు శాశ్వత నిధిలోంచి తీసి బియ్యం కొన్నాం. తర్వాత నిధి పుస్తకం తెరిస్తే అందులో శాశ్వతమైనది ఏమీ మిగల్లేదు. నాలుగు నెలల జీతాలూ, క్యాబినూ, కాగితాలూ కలిపి పదహారు లక్షలకీ చెల్లు. నమ్మకం ముప్ఫై ఒకటికి పడిందని మేడమ్ గారు చెప్పి, అదే రోజు తన జీతం తీసుకుని బెంగుళూరు వెళ్ళిపోయింది. తర్వాత లెక్క ఫోన్లోనే తీసింది.

అత్యవసర సమావేశంలో శ్రీకర్ గారు ఎప్పట్లాగే ప్రశాంతంగా ఉన్నారు.

"ఖర్చులు రెండు రకాలు. నాయకత్వం మూల వ్యయం. దాన్ని ముట్టుకుంటే సంస్థ కూలిపోతుంది. భోజనం వితరణ వ్యయం. దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు."

నాగభూషణం గారికి ఆ క్షణంలో ఎక్కడో పాత మనిషి మేల్కొన్నాడు. "అన్నం ఆపేస్తే మరి మన సంఘం ఏం చేస్తున్నట్టండీ?"

"నమ్మకాన్ని తిరిగి సాధిస్తున్నట్టు. సాధించాక అన్నం పెడతాం."

"ఎప్పటికి సాధిస్తాం?"

"తొందరపడితే నాణ్యత దెబ్బతింటుంది సర్."

మొదట భోజనాన్ని రోజు మార్చి రోజు చేశారు. ఆ మాట పంక్తుల్లో వాళ్ళకి చెప్పే పని నాది. "భోజన సేవ పునర్వ్యవస్థీకరణ దశలో ఉన్నందున" అని మొదలుపెడితే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి లోవమ్మ కంచం తోముతూనే అడిగింది.

"అంటే రేపు మానేసి ఎల్లుండి తినమంటారాండి?"

"అంతేనమ్మా."

"ఆకలి కూడా రోజు మార్చి రోజు ఏస్తే బాగుండునండి" అంది. వెటకారం లేదు. నిజంగానే అలా అయితే బాగుండునని ఆలోచిస్తున్నట్టు అంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ ఆ రోజు సగం అన్నం మూట కట్టుకుని, మర్నాడు నీళ్ళు పోసుకుని తింది. ఎండలకి అది పులిసిపోతుందని నాకు తెలుసు. తీర్మానంలో దాని గురించి ఏమీ లేదు.

మూడు వారాలకి మొత్తం ఆపేశారు. పేరంటాలుని పంపేశారు. అన్నం వండని సంఘానికి గుండిగలెందుకని వాటిని తూకానికి అమ్మి శ్రీకర్ గారికి సగం నెల జీతం సర్దారు. మిగతా సగం ఆయన పెద్దమనసుతో వాయిదా వేసుకున్నారు.

ఆపేసిన రోజు లోవమ్మ షెడ్డు కిటికీ దగ్గర రెండు గంటల దాకా నిలబడింది. మిగతావాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టలేదు. కంచం చీర కొంగుతో తుడుస్తూ నిలబడి, "పోనీ మజ్జిగైనా ఉంటదాండి బాబుగారూ" అంది. లేదన్నాను. "మా ఆయనకి తెలవనివ్వకండి, ఆడి బ్రెడ్డు నాకు పెడతానంటాడు" అని చెప్పి వార్డు వైపు వెళ్ళింది. నడకలో తూలుడు కనిపిస్తోంది.

ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు. సీతారత్నం ఎందుకని అడిగింది, చెప్పాను. "ఆవిడ పేరేమిటి?" అంది.

"లోవమ్మ."

మర్నాడు పన్నెండు గంటలకి ఆసుపత్రి గేటుకి ఎదురుగా రోడ్డు మార్జిన్లో మా ఆవిడ కనిపించింది. ఒక పక్క మా కుక్కరు, ఇంకో పక్క పప్పు గిన్నె. పక్కన పేరంటాలు. వెనకాల మా వీధి ఆడవాళ్ళు ఆరుగురు, తలొక క్యారేజీ. మూడో రోజుకి నాలుగు వీధులు వచ్చాయి. అయిదో రోజు శేషావతారం మాస్టారు సైకిలు మీద మజ్జిగ బిందె కట్టుకుని వచ్చారు. పది రోజులకి రెండొందల మంది తింటున్నారు. డబ్బాలు లేవు, కాగితాలు లేవు, అధ్యక్షులు లేరు. ఎవరి గుప్పెడు ఎన్ని గ్రాములో ఎవరూ తూచలేదు. నేను మాత్రం అద్దం ఇవతల నా బల్ల దగ్గరే కూర్చున్నాను. ఉద్యోగం.

ఇది శ్రీకర్ గారు క్యాబిను కిటికీలోంచి రోజూ చూస్తున్నారు. పదకొండో రోజు అధ్యక్షుల్ని పిలిపించారు.

"సర్, పరిస్థితి చాలా తీవ్రంగా ఉంది. మన నమ్మకం సున్నాకి చేరింది."

"అలాగైతే మీ లెక్క ప్రకారం బాధ్యత ఎంతవుతుందండీ?" అన్నారు నాగభూషణం గారు, అట్టముక్క లేని మెడ తడుముకుంటూ.

"సున్నాకి అంతర్జాతీయంగా కూడా ఇంతవరకు సూత్రం లేదు. ప్రస్తుతానికి అయిదు లక్షలు అనుకుని ముందుకి వెళదాం. అది కాదు ముఖ్యం. మన నమ్మకం ఎటు పోయిందో తెలిసింది. అదిగో, రోడ్డు అవతలికి పోయింది. ఇరవై రెండేళ్ళు మనం పెంచిన నమ్మకాన్ని అక్కడెవరో వాడుకుంటున్నారు. అనుమతి లేదు, అర్హత లేదు, నాయకత్వం లేదు. ఇది మన ఆస్తిని దారి మళ్ళించడం. నోటీసు ఇవ్వాలి."

అధ్యక్షులు కిటికీ వైపు చూశారు. బయట పంక్తిలో ఎవరో పసిపిల్లవాడికి మా పేరంటాలు అన్నం కలుపుతోంది. ఆయన గొంతు సవరించుకుని, "ప్రకాశం, టైపు చెయ్యి" అన్నారు.

చేశాను. అబద్ధమెందుకు, బాగానే చేశాను. "అనధికార అన్నవితరణ తక్షణ నిలుపుదల గురించి" అని విషయం. "సంఘమునకు చెందిన ప్రజావిశ్వాసమును తమరు అక్రమముగా వినియోగించుకొనుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకపై సదరు స్థలమున అన్నము పెట్టువారును, తినువారును చట్టరీత్యా చర్యలకు బాధ్యులగుదురు" అని మధ్యలో. తినువారును అన్న మాట శ్రీకర్ గారు చేర్పించారు. ముద్ర వేసి, అందరికీ వినబడేలా చదివి అంటించి రమ్మని నన్నే పంపారు.

రోడ్డు దాటాను. మూడో పంక్తి నడుస్తోంది. అందరూ విస్తరాకుల ముందు కూర్చుని ఉన్నారు. మా ఆవిడ పప్పు వడ్డిస్తోంది. నన్ను చూసింది, చేతిలో కాగితం చూసింది, వడ్డన ఆపలేదు. అక్కడి కరెంటు స్తంభం దగ్గర నిలబడి మొదటి అక్షరం నుంచి చదివాను. నా గొంతు పెద్దదే. "తినువారును" అనే దగ్గరికి వచ్చేసరికి పంక్తిలో చేతులు ఆగిపోయాయి.

లోవమ్మ నాకు దగ్గర్లోనే కూర్చుంది. నోటి దాకా తీసుకెళ్ళిన ముద్దని ఆకులో పెట్టేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పోలీసులొచ్చి తనని పట్టుకుపోతే వార్డులో మొగుడిని ఎవరు చూస్తారన్న భయం ముఖంలో తెలిసిపోతోంది. పది రోజులుగా కాస్త తేరుకున్న ముఖం.

"చదవడం అయిందా?" అంది సీతారత్నం. కోపంగా కూడా అనలేదు. "అయితే కాస్త పక్కకి జరగండి, మజ్జిగ రావాలి."

ఇరవై రెండేళ్ళలో నేను రాసినవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. జన్మలో అంత సిగ్గుపడలేదు. కాగితం మడిచి జేబులో కుక్కుకుని లోవమ్మ ఎదురుగా గొంతుకూర్చున్నాను.

"తినమ్మా."

"కాయితంలో తినొద్దని సదివేరు కదండీ."

"ఆ కాగితం రాసింది నేనే. తప్పు రాశాను. నిన్నెవరూ ఏమీ చెయ్యరు. నా మాట నమ్ము."

లోవమ్మ నా ముఖం కేసి చూసింది. నెలల తరబడి రోజూ నన్ను బాబుగారూ అని పిలిచిన మనిషి. పునర్వ్యవస్థీకరణ అని చెప్పింది నేనే, ఎల్లుండి రమ్మన్నది నేనే, మజ్జిగ లేదన్నది నేనే. ఆవిడ చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు.

"మీరు కూడా తినండి బాబుగారూ" అంది మెల్లిగా. "మీరు తింటే నేను తింటాను."

రోడ్డు అవతల క్యాబిను కిటికీలో శ్రీకర్ గారు లేచి నిలబడటం నాకు కనిపిస్తూనే ఉంది. నాగభూషణం గారు పక్కనే ఉన్నారు. చెప్పులు విడిచి లోవమ్మ పక్కన పంక్తిలో కూర్చున్నాను. సీతారత్నం ఏమీ అడగకుండా ఆకు వేసి, అన్నం పెట్టి, పప్పు పోసింది. వేడిగా ఉంది. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

నేను ఆ ముద్ద మింగేదాకా చూసి, అప్పుడు లోవమ్మ తన ఆకులో చెయ్యి పెట్టింది.